యోనాకు గాలి కొట్టిన జీవమ్మ

నంద్యాలలో రైసుమిల్లుల వెనక వీధికి వచ్చి జీవమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ జీవమ్మ అని ఎదురు అడిగేవాళ్లు. ఆ వీధిలో ఆ పేరున్నవాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు. గాలి కొట్టే జీవమ్మ అంటే మాత్రం ఒళ్లో చంటిపిల్లను పెట్టుకున్న తల్లి కూడా లేచి వచ్చి ఇల్లు చూపించేది. ఆ పేరు వెనక ఒక మొగుడున్నాడు, ఒక ఇనుప డ్రమ్ముంది, ఒక పోలీసు కేసుంది. ఇప్పుడు ఆ వీధిలో సగం మిల్లులు మూతపడ్డాయి. తెల్లవారేసరికి వీధంతా కమ్మే ఉడికిన వడ్ల వాసన లేదు, మిద్దెల మీద పేరుకునే ఊక బూడిద లేదు, ఆ బూడిదను తిట్టుకుంటూ ఊడ్చుకునే ఆడవాళ్లూ లేరు. తిట్టుకున్న బూడిద కోసం కూడా ఒకనాటికి మనసు పీకుతుందని అప్పుడెవరికి తెలుసు! కథ మాత్రం మిగిలింది. తలా ఒక రకంగా చెప్తారు. మొగుణ్ణి పట్టించిన ఆడది అని జీవమ్మనే తప్పుబట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లకు తెలిసింది సగం.

జీవమ్మ పుట్టింది దొర్నిపాడులో. తండ్రి మోషే కూలి మనిషి. పొలం పనులు లేని రోజుల్లో ఊరి కమ్మరి దగ్గర కొలిమి తిత్తి లాగేవాడు. ఆయనకు నడుము పట్టేసిన ఏడు ఆ పని కూతురి చేతికి వచ్చింది. తిత్తి లాగడం బలంతో పని అనుకుంటారు చూసేవాళ్లు. బలం చూపిస్తే బొగ్గు ఎగిరి కళ్లలో పడుతుంది. మెల్లగా లాగాలి, మెల్లగా వదలాలి, నిప్పు ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండాలి. జీవమ్మ ఆదివారం చర్చిలో పాడిన పాటలను లోలోపల పాడుకుంటూ ఆ వరసకు లాగేది. కమ్మరి ఆమెను ఒక్క మాట అనలేదు. నోరు తెరిస్తే పెళ్లాన్ని, అల్లుణ్ణి, గవర్నమెంటును కలిపి తిట్టే మనిషి అతను.

దేవరాజు ఆ కొలిమి దగ్గరే ఆమెను చూశాడు. నంద్యాలలో వెల్డింగు పని అతనిది, ఆయిలింజన్లు కూడా బాగుచేసేవాడు. ఏదో ఇంజను కడ్డీ వంకర తీయించుకోవడానికి వచ్చి, వంకర పోయాక కూడా కదలకుండా నిలబడ్డాడు. తన మొహం చూసి కాదు, చేతులు చూసి చేసుకున్నాడని జీవమ్మ ఎగతాళి చేసేది. "ఎద్దును బేరం జేసినట్టు జేసినాడప్పా నన్ను," అనేది. మాట అలా ఉన్నా, చెప్పేటప్పుడు ఆ మొహం చూడాలి, ఎంత మురిసిపోయేదో!

పెళ్లయిన రెండో ఏడు మగబిడ్డ పుట్టాడు. ఏడాది తిరక్కముందే జ్వరం తగిలి పోయాడు. తర్వాత కాన్పు లేదు. ఉయ్యాల కట్టిన దూలం కొక్కేనికి కొన్నాళ్లు ఏమీ వేలాడలేదు. ఆ తర్వాత దేవరాజు దానికి తన గొలుసు కప్పీ తగిలించుకున్నాడు. ఖాళీ కొక్కెం చూడటం కంటే అదే నయమనుకుంది జీవమ్మ.

పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడు క్షౌరశాపులో పేపరు చదువుతూ ఉండగా జలాంతర్గామి బొమ్మ కనిపించింది దేవరాజుకు. విశాఖపట్నం దగ్గర సముద్రంలో అలాంటిదొకటి మునిగిందని రాశారు. నంద్యాలకు సముద్రమెక్కడ, జలాంతర్గామి ఎక్కడ! అయినా సగం గడ్డంతోనే లేచి పేపరు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏమ్మే, ఇది సూడు. నీళ్లలోపల పోతాదంట."

"పోతే పోనీ. గడ్డమేందీ, సగం ఆడనే పెట్టొచ్చినావ్?"

"ఇనుమే గదా ఇది? అతుకులే గదా? ఇనుము నాకు దెల్సు, అతుకు నాకు దెల్సు. ఇంగేం గావల్ల?"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అని వీధి వీధంతా నవ్వింది. దేవరాజు వినలేదు. ఒక మిల్లులో మూలపడిన పాత బాయిలరు డ్రమ్మును, చేసిన పనికి కూలి బదులు అడిగి తెచ్చుకున్నాడు. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే సరిపోయే డ్రమ్ము అది. ముందు వైపు బొక్క కోసి, మందపాటి గాజు పలక పెట్టి, చుట్టూ లారీ ట్యూబు రబ్బరు బిగించాడు. లోపల సైకిలు పెడళ్లు పెట్టాడు, తొక్కితే వెనక రెక్క తిరుగుతుంది. పైన మూత, దానికి లోపలి నుంచీ బయటి నుంచీ తిప్పే చక్రం. అడుగున ఒక కొక్కెం, లోపల పిడి తిప్పితే అది వస్తువును పట్టుకుంటుంది. ఇంట్లో కూరగిన్నెకు చిల్లి పడి మూణ్ణెల్లు కారుతూనే ఉంది, దానికి మాటు వేసే తీరిక మాత్రం ఆ మహానుభావుడికి దొరకలేదు. అలా నాలుగైదేళ్లు గడిచాయి. పాస్టరుగారు ఒకరోజు వచ్చి చూసి, చేప కడుపులో మూడు దినాలున్న భక్తుడి పేరు పెట్టమన్నాడు. డ్రమ్ము మీద తెల్ల రంగుతో ‘యోనా’ అని రాశారు.

అన్నీ కుదిరాయి గానీ నీళ్లలో వేస్తే అది బెండులా తేలింది. బరువు కావాలి. బరువు కోసం దేవరాజు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. అక్కడ విగ్రహాలు చెక్కేవాళ్ల పందిళ్ల ముందు రాతి ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అలా గురుస్వామితో స్నేహం కుదిరింది. గురుస్వామి తాతల నాటి శిల్పుల ఇంటివాడు. పొద్దంతా ఉలి పట్టుకునే మనిషికి మాట్లాడటానికి ఒక చెవి కావాలి, దేవరాజుకు తన యోనా గురించి చెప్పుకోవడానికి ఒక చెవి కావాలి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా ఒకేసారి మాట్లాడుకునేవాళ్లు. ఆ స్నేహం చూస్తే జీవమ్మకు నవ్వొచ్చేది. రాతి ముక్కలు గోనెసంచుల్లో కట్టి డ్రమ్ము పక్కల వేలాడదీస్తే యోనా మునిగింది. లోపలి నుంచి పిడి వదిలితే సంచులు ఊడిపోయి పైకి తేలింది.

ఇక మిగిలింది గాలి. ఒడ్డున చేతి పంపు, దాని నుంచి పొడుగాటి రబ్బరు గొట్టం, ఆ గొట్టం చివర మొగుడి ప్రాణం. పంపు దగ్గర ఎవరు కూర్చోవాలని ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. జీవమ్మ కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. లోపలి నుంచి మాట వినపడదు, సైగ కనపడదు. వాడిన గాలి ఒక కవాటం గుండా బయటికి పోతుంది. ఆ బుడగలే గుర్తు. నీళ్ల మీద బుడగలు గుత్తులుగా వస్తుంటే మనిషి ఉన్నట్టు. జీవమ్మ చూపంతా వాటి మీదే. పెదవులు మాత్రం పాట వరసకు కదిలేవి.

మొదటిసారి కాలవ గుంటలో దించిన రోజు నంద్యాల సగం అక్కడే ఉంది. సోడాబండివాడు, వేరుశెనక్కాయల ముసలమ్మ, మిల్లు గుమాస్తాలు, బడి ఎగ్గొట్టిన పిల్లలు! యోనా మునగగానే ఈలలు ఆగిపోయాయి. అవతలి గట్టు దగ్గర తేలి, మూత తెరుచుకుని దేవరాజు తల బయట పెట్టేసరికి కాలవ గట్టు దద్దరిల్లింది. నాలుగైదేళ్లు నవ్విన నోళ్లే ఆ పూట అతన్ని భుజాల మీద మోశాయి. గట్టు మీద పంపు దగ్గర చెమటకు తడిసిపోయి కూర్చున్న ఆడమనిషిని ఎవరూ మోయలేదు. ఆమెకు దాని మీద ధ్యాసా లేదు. ఆ రోజు తిరిగి వస్తే ఎంత బాగుండునో అని ఆమె తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

రెండు మూడేళ్లు మంచి కాలం. గనుల గుంటల్లో పడిపోయిన మోటార్లు, కాలవలో జారిన ఇంజను చక్రాలు కొక్కేనికి తగిలించి తెచ్చేవాడు. ఎద్దులబండి మీద యోనా, దాని పక్కన గొట్టం చుట్ట, ఆ చుట్ట మీద జీవమ్మ. దారిలో పిల్లలు బండి వెంట పరుగెత్తేవాళ్లు. అయితే అలాంటి పనులు ఏడాదికి ఎన్ని ఉంటాయి? మిగతా రోజుల్లో యోనా పెరట్లో ఎండకు ఎండేది. జనానికి మొదటి రోజు వింత రెండో రోజు రోత. మళ్లీ పాత ఎగతాళి మొదలైంది. దానిలో కోళ్లు పెంచుకోరాదా దేవరాజూ, అనేవాళ్లు. అతను పైకి నవ్వేవాడు, రాత్రి అన్నం సరిగా తినేవాడు కాదు.

అలాంటి రోజుల్లో గురుస్వామి పందిట్లోకి నారాయణ అనే మనిషి వచ్చాడు. మద్రాసు నుంచి అన్నాడు. విగ్రహాలకు ఆర్డరు ఇస్తానంటూ రెండు మూడుసార్లు తిరిగాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట, నీడలో ఆపిన అంబాసిడరు కారు. మాటల్లో గురుస్వామి తన ఇంటి గొప్ప ఒకటి చెప్పాడు. కుందూ నది ఒడ్డున ఒక పాత గుడిలో అమ్మవారి విగ్రహానికి చెయ్యి విరిగింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. అందులోని దైవకళను కలశంలోకి తీసి, గురుస్వామి తాత చెక్కిన కొత్త విగ్రహంలోకి పంపి, పాత అమ్మవారిని బొంతల మడుగులో నీళ్లకిచ్చారు. ఎప్పటిదో చెప్పలేనంత పాత రాయి. ఇదంతా విని నారాయణ ఇంకో కాఫీ తెప్పించాడు.

గురుస్వామి నోటనే యోనా సంగతి కూడా విని, దేవరాజును కలవడానికి అతను నంద్యాల వచ్చాడు. యోనా చుట్టూ తిరిగి, అతుకుల మీద వేలు రాసి, "ఇది ఆడుకునే వస్తువు కాదయ్యా, పెద్ద పనికి పుట్టింది," అన్నాడు. ఆ ఒక్క మాటకు దేవరాజు పడిపోయాడు. అతను ఆశపోతు కాదు. తన డ్రమ్మును చూసి నవ్వని చదువుకున్న మనిషి అతనికి అదే మొదలు.

జీవమ్మకు ఆ మెత్తని మాట నచ్చలేదు. "ఏమయ్యా, దేవుణ్ణి దొంగతనం జేస్తాండారా?"

"దేవుడేందే? గురుస్వామన్న చెప్పె గదా, ప్రాణం తీసేసినారంట, ఇప్పుడది ఉత్త రాయంట. ఇంగ మనకంటావా, అది ఎప్పుడూ రాయే. పారేసినదాన్ని తీస్తే దొంగతనమెట్లయితాది?"

ఆ వాదనలో ఎక్కడా బొక్క కనిపించలేదు అతనికి. గురుస్వామికీ కనిపించలేదు. కళ తీసిన రాయి రాయేనని ఒకరి శాస్త్రం, అన్ని రాళ్లూ రాళ్లేనని ఒకరి విశ్వాసం. రెండూ కలిసి ఇద్దరు మంచివాళ్లను దొంగతనానికి పంపాయి.

"పారెయ్యలే. ఇచ్చినారు," అంది జీవమ్మ. "మన బిడ్డను మట్టికిస్తిమి గదా. వానిలో ప్రాణం లేదని ఎవుడన్నా వచ్చి తవ్వుకోని పోతే ఊరకుంటావా?"

దేవరాజు దూలానికి వేలాడే కప్పీ వైపు చూశాడు. తర్వాత, "నువ్వు గాలి కొట్టకుంటే ఇంగోరిని పెట్టుకుంటా," అన్నాడు. ఇంకొకరి చేతికి మొగుడి ఊపిరిని ఎలా ఇస్తుంది? ఆ మాటకే ఆమె ఒప్పుకుంది. అదీ అతనికి తెలుసు.

ఎండాకాలం నడిమధ్యాహ్నం, ఊళ్లవాళ్లు తలుపులేసుకుని పడుకునే వేళ, యోనాను బొంతల మడుగుకు తోలారు. ఎవరన్నా అడిగితే మోటారు పడిందని చెప్పాలి. దిగబోయే ముందు దేవరాజు పెళ్లానికి అప్పగింతలు చెప్పాడు. "మన్సులు ఎవురన్నా వస్తే పంపు ఇడ్సిపెట్టి, గొట్టం నీళ్లలోకి తోసేసి, నీ పాటికి నువ్వు పో. గొట్టంలో నీళ్లు రాకుండా కవాటముండాది. బుడగలు రాకుంటే ఎవురికీ తెలీదు. డ్రమ్ములో ఉండే గాలి నాకు సాలు. వాళ్లు పోయినాంక తేల్తా." నారాయణ కూడా తల ఊపాడు.

మూత పడింది. నీళ్లు సర్దుకున్నాయి. బుడగలు మొదలయ్యాయి. జీవమ్మ చేతులు వరస అందుకున్నాయి. కొంతసేపటికి గట్టు మీద నిలబడిన నారాయణ ఏదో చూసి ఉలిక్కిపడ్డాడు. గొర్రెల కాపరి ఒకడు గొట్టం చూసి, అమ్మవారి మడుగులో ఏదో జరుగుతోందని ఊళ్లో చెప్పాడట. గుడి అర్చకుడు వరదరాజులు ముందు, వెనక ఊరి జనం, వాళ్లతో సంతకు బందోబస్తుకొచ్చిన హెడ్డు కానిస్టేబులు. "వదిలేసి రామ్మా," అని ఒక్క మాట అని నారాయణ కంపచెట్ల చాటున ఉన్న కారు దగ్గరికి పరుగెత్తాడు. మళ్లీ ఆ మనిషిని ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు.

జీవమ్మ చేతులు తీసేసింది. మొగుడు చెప్పినట్టే గొట్టాన్ని ఊడదీసి నీళ్లలోకి తోసి, పంపు మీద గోనె కప్పి, కొంచెం దూరంగా వచ్చి కూర్చుంది. జనం వచ్చేశారు.

"ఏందమ్మా ఈడ? ఏం జేస్తాండావ్?" అన్నాడు హెడ్డు.

"ఏం లేదు సార్. ఇంటాయన మోటారు తీసేదానికి మన్సుల్ని పిల్సుకొచ్చేకి పోయినాడు."

"యాడికి పోయినాడు? ఎప్పుడొస్తాడు?"

"తెలీదు సార్."

హెడ్డు ఆమె మాట నమ్మలేదు, నమ్మకుండానూ లేడు. వచ్చినప్పుడే చూద్దామని చెట్టు నీడన కూర్చుని టోపీ తీసి విసురుకున్నాడు. జనం కూడా కూర్చున్నారు. ఒకడు బీడీ వెలిగించాడు. వాళ్లెవరికీ తొందర లేదు. ఆ ఎండలో తిరిగి ఊళ్లోకి నడిచే ఓపికా లేదు.

జీవమ్మ మడుగు వైపే చూస్తోంది. బుడగలు పలచబడ్డాయి. ఒకటీ అరా వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. నీళ్లు అద్దంలా నిలిచిపోయాయి. ఎప్పుడూ ఎవరూ దిగనట్టు, అడుగున ఎవరూ లేనట్టు ఉన్నాయి. గాలి సాలు అన్నాడు గదా, అనుకుంది. సాలకుంటే? అనుకుంది. ఒక పాట వరస పూర్తిగా పాడుకునేదాకా ఆగుదామనుకుంది. సగంలోనే ఆ పాట ఏదో మరిచిపోయింది. ఆ నీళ్ల లోపల ఒక మనిషి ఉన్నాడని ఈ లోకంలో తనొక్కదానికే తెలుసు, అతను బతకాలో చావాలో తన చేతుల్లోనే ఉంది. ఆ చేతులేమో ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. జీవమ్మ లేచింది. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి గొట్టం లాక్కొచ్చి, గోనె తీసి విసిరికొట్టి, పంపుకు గొట్టం బిగించి కొట్టడం మొదలుపెట్టింది.

"లే! దాన్ని ముట్టుకోవద్దు!" అంటూ హెడ్డు పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఇడ్సు సార్! లోపల మా ఆయనుండాడు!"

"లోపలేందీ? యాడ లోపల?"

"నీళ్లలో! గాలి నిలిసిపోయి శానాసేపాయ!"

హెడ్డుకు అర్థం కాలేదు. జీవమ్మ కొడుతూనే ఉంది, అంతలో నీళ్ల మీద ఒక పెద్ద బుడగ లేచి పగిలింది. దాని వెనక ఇంకోటి. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అమ్మవారి కోసం అంతదాకా శాపనార్థాలు పెడుతున్న వరదరాజులు, "ఆమెను ముట్టుకోవద్దు నాయనా, ప్రాణమది, కొట్టనీ," అన్నాడు. అప్పటికే ఒక్కదాని చేతులు చాలడం లేదు. జీవమ్మ పక్కకు జరిగి, హెడ్డు చేతిని పట్టి పంపు మీద పెట్టింది. "నువ్వు గూడా పట్టన్నా. మెల్లగ. గుంజద్దు, మెల్లగ." పట్టుకోవడానికి వచ్చిన పోలీసు దొంగకు గాలి కొట్టాడు. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూసింది.

యోనా తేలింది. కొక్కేనికి చెయ్యి విరిగిన అమ్మవారు, నాచు పట్టిన మొహంతో, చిన్న చిరునవ్వుతో. మళ్లీ గాలి వచ్చిందంటే జనం పోయారనుకుని, మూత తెరిచి దేవరాజు కూడా నవ్వుతూనే లేచాడు. నారాయణను చూడాలనుకున్న కళ్లకు ఖాకీ చొక్కా కనిపించింది. ముందు హెడ్డును చూశాడు, తర్వాత పంపు మీద ఉన్న జీవమ్మ చేతులను చూశాడు. ఆ చూపు జీవమ్మను చాలా ఏళ్లు నిద్రపోనివ్వలేదు.

కోర్టులో గురుస్వామి దాచకుండా చెప్పాడు. కళ తీసిన రాయి సార్, ఉత్త రాయి, అన్నాడు. ఉత్త రాయైతే మద్రాసు నుంచి అంత దూరం ఎందుకొచ్చాడయ్యా ఆ మనిషి, అని మేజిస్ట్రేటు అడిగాడు. దేవరాజుకు జైలు పడింది. అమ్మవారు మళ్లీ నీళ్లకు పోలేదు, ఏదో సర్కారు గదిలోకి పోయింది. యోనా మీద కేసు నంబరు రాసి ఆళ్లగడ్డ వైపు ఒక పోలీసుస్టేషను ఆవరణలో పడేశారు.

మొగుడు జైల్లో ఉన్నన్నాళ్లు జీవమ్మ మిల్లు కళ్లంలో ఉడికిన వడ్లు ఆరబోసి బతికింది. విడుదలయ్యాక అతను మళ్లీ వెల్డింగు పనికి పోయాడు. మారింది ఒకటే. జైలు గురించి బాధపడేవాడు కాదు, నారాయణను తిట్టేవాడు కాదు. "నా పెండ్లామే పట్టిచ్చింది," అనేవాడు. టీకొట్టు దగ్గర అనేవాడు, పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని అనేవాడు, చర్చి మెట్ల మీద చెప్పులేసుకుంటూ అనేవాడు. "లోపల గాలి సుఖంగా సరిపోతాండె. ఇంగ రోంత సేపు చేతులు ముడ్సుకోని కూసోనింటే వాళ్లు పోయేటోళ్లు. ఈమె ఆగలేకపాయ." విన్నవాళ్లు జీవమ్మ వైపు చూసేవాళ్లు. ఆమె తల వంచుకునేది. ఏమని చెప్తుంది? గాలి సరిపోయిందో లేదో లోపలున్నవాడికి తెలియాలి. తనకు తెలిసింది ఆ నీళ్లు అద్దంలా నిలిచిపోవడం ఒక్కటే. దాన్ని మాటల్లో పెట్టడం ఆమెకు రాలేదు.

కేసు పై కోర్టుకు పోయి, అక్కడ నానీ నానీ, ఎనభై ఏడు చివర్లో తెమిలింది. మీ డ్రమ్ము తీసుకుపొమ్మని కబురొచ్చింది. క్రిస్మస్ దగ్గరపడిన చలి రోజుల్లో ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. పాత ఇనుము కొనే మనిషి వెనకే బండి తోలుకొచ్చాడు. స్టేషను ఆవరణలో యోనా మీద మేక ఒకటి నిలబడి ఎండకాగుతోంది. తెల్ల రంగు పోయి, పేరులో ఒక్క అక్షరం మిగిలింది. దేవరాజు మేకను తోలి, డ్రమ్ము మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. చక్రానికి నూనె పోసి తిప్పితే తిరిగింది. మూత లేచింది. రబ్బరు ఇంకా బాగానే ఉంది.

కుర్ర కానిస్టేబుళ్లు చుట్టూ చేరి, ఇదేందన్నా, అదేందన్నా, అని అడిగారు. అంత మంది అడిగి ఎన్నేళ్లయిందో! దేవరాజు మొహం వెలిగింది. అన్నీ చూపించాడు, పెడళ్లు, కొక్కెం, కవాటం. చివరికి ఆ మాట దగ్గరికి రానే వచ్చాడు. "సూడండి సార్ ఎంత సోటుండాదో. దీన్నిండా గాలే. మనిషి దర్జాగా కూసోవచ్చు. ఆ పొద్దు ఈమె రోంత సేపు ఆగినింటే..."

కుర్రవాళ్లు జీవమ్మ వైపు చూసి నవ్వారు.

జీవమ్మ చెప్పులు విడిచింది. కొంగు దోపుకుని, అంచు పట్టుకుని, ఒక్కొక్క కాలే పెట్టి యోనాలోకి దిగింది. అన్నేళ్లలో ఆమె దాని లోపలికి దిగడం అదే మొదటిసారి. కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఏమ్మే, ఏందిది? బయటికి రా."

"గొట్టం బొక్కలో గుడ్డ కుక్కు. మూత పెట్టు."

"పిచ్చి పట్టెనా నీకు?"

"గాలి సాలంటివి గదా. నీకు సాలింది నాకు సాలదా? పెట్టు."

అందరూ చూస్తున్నారు. మాట తన మాటే. దేవరాజు భుజం మీది తువ్వాలు చింపి బొక్కలో కుక్కాడు, మూత వేశాడు, చక్రం తిప్పాడు. తిప్పి, కానిస్టేబుళ్ల వైపు చూసి నవ్వాడు. పాత ఇనుము మనిషితో ఏదో మాట కలిపాడు. అతను అడిగినదానికి జవాబు చెప్పబోయి, ఏమడిగాడో మరిచిపోయాడు. యోనా వైపు చూశాడు. గాజు పలక మీద ఏళ్ల నాటి మురికి, లోపల ఏమీ కనపడదు. మురికి తుడిచాడు, చీకటే. చెవి పెట్టి విన్నాడు. పిడికిలితో తట్టాడు.

"జీవమ్మా."

లోపలి నుంచి చప్పుడు లేదు. మేక దూరంగా నిలబడి నెమరు వేస్తోంది. కానిస్టేబులు ఒకడు, ఇప్పుడే గదన్నా వేస్తివి, అన్నాడు. ఇప్పుడే. నిజమే, పొయ్యి మీద ఎసరు కాగేంత సేపు కూడా కాలేదు. గాలి ఇంకా చాలా ఉంటుందని దేవరాజుకు తెలుసు. అతనికంటే ఎవరికి తెలుసు? లెక్క తెలుసు, ఇనుము తెలుసు. అయినా ఆ ఇనుము మౌనంగా ఉంది. ఇంకోసారి తట్టాడు. చేతులు చక్రం మీదికి వాటంతట అవే పోయాయి. ఒక్క గుంజుకు తిరగలేదు. "జీవమ్మా! ఓ జీవమ్మా!" అని అరుస్తూ రెండు చేతులా గుంజాడు, అరచెయ్యి చీరుకుపోయింది, మూత లేచింది.

జీవమ్మ అలాగే కూర్చుని ఉంది. వెలుగుకు కళ్లు చికిలించి పైకి చూసింది.

"అప్పుడే తీస్తివేందీ? ఇంగా శానా గాలుండె గదా."

దేవరాజు అంచు పట్టుకుని నేల మీద కూలబడిపోయాడు, అంత మంది ముందు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కుర్ర కానిస్టేబుళ్లు ఏం చేయాలో తెలియక అటు తిరిగి నిలబడ్డారు.

"ఆగేది నా చేత గాలేదు, జీవమ్మా," అన్నాడు చివరికి.

ఆమె చెయ్యి బయటికి చాపి అతని తల మీద పెట్టింది.

"ఆ పొద్దు నా చేతగూడా గాలేదయ్యా," అంది.